నాన్నగారి ఫెడ్-2 కెమెరాని కట్ సెక్షన్ చేద్దామనుకుంటున్నాను, సలహా కావాలి

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా మీరు రాసేవి చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదలు.

ఇక్కడ హైస్కూల్లో సైన్సు చెప్తాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు ఫొటో స్టూడియో నడిపారు. మహేంద్రతనయ ఈ గట్టునా ఆ గట్టునా, అటు పాతపట్నం దాకా పెళ్ళిళ్ళన్నీ ఆయనవే. పోయినేడు ఆయన కాలం చేశారు. సంవత్సరీకం అయ్యాక బీరువా సర్దుతుంటే రెండు రష్యన్ కెమెరాలు బయటపడ్డాయి. జోర్కీ-4 ఒకటి, ఫెడ్-2 ఒకటి. జోర్కీ చక్కగా పనిచేస్తోంది. ఫెడ్ పనిచెయ్యదు.

దాని సంగతి కొంచెం చెప్పాలి. నాన్నగారు ఉండగానే దాన్ని వేరే ఊళ్ళో ఒక రిపేరు షాపుకి ఇచ్చాం. నాలుగు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే లోపల రీలు చుట్టుకునే స్పూల్ లేదు, రెండు స్క్రూలు లేవు, షట్టర్ కర్టెన్ (ఫిలిం ముందు తెరుచుకుని మూసుకునే గుడ్డ తెర) అంచున చిరిగి ఉంది. నాన్నగారు ఒక్క మాటా అనలేదు. పాత ధోవతి ముక్కలో చుట్టి బీరువాలో పెట్టేశారు. మళ్ళీ తియ్యలేదు.

మొన్న పిల్లల్ని ఒక ఐటీఐకి తీసుకెళ్ళాను. అక్కడ కట్ సెక్షన్ చేసి, అంటే లోపలి భాగాలు కనబడేలా కోసి పెట్టిన స్కూటర్ ఇంజన్ ఉంది. పిడి తిప్పితే పిస్టన్ పైకీ కిందకీ వెళ్తుంది. నా క్లాసులో ఎప్పుడూ కుదురుగా కూర్చోనివాళ్ళే దాని దగ్గర అరగంట నిలబడ్డారు. అప్పుడు తట్టింది. జర్మనీ లైకా కంపెనీ కెమెరాల్ని కూడా ఇలాగే అడ్డంగా కోసి, లోపలి అద్దాలూ పళ్ళచక్రాలూ కనబడేలా పెట్టిన ఫొటోలు చూశాను. మా ఫెడ్‌ని అలా చెయ్యొచ్చా? చేస్తే ఎక్కడ కొయ్యాలి? నాన్నగారి వస్తువుని కొయ్యడం తప్పేమో అని కూడా మనసులో ఉంది. అమ్మని అడిగితే "నీ ఇష్టం రా" అంది గానీ ఆ మాట ఎలా అందో నాకు తెలుసు.

పాత రీళ్ళు (రాయగడ)
ఆదివారం, రాత్రి 10:25

మాస్టారూ, నమస్కారం. ఒక్కటే మాట, కొయ్యకండి.

ముందు చిన్న సవరణ. ఫెడ్ రష్యాలో తయారైంది కాదు, ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో. దాన్ని చేసింది అక్కడ అనాథ పిల్లల కోసం పెట్టిన ఒక కమ్యూన్. మకరెంకో అనే పెద్ద ఉపాధ్యాయుడు ఆ కమ్యూన్‌ని నడిపాడు. 1934లో లైకా-2ని చూసి ఆ పిల్లలూ అక్కడి ఇంజనీర్లూ కలిసి ఫెడ్ తయారీ మొదలెట్టారు. జెర్జిన్‌స్కీ అనే నాయకుడి పూర్తి పేరులోని మూడు పొడి అక్షరాలే ఫెడ్. మీ దగ్గరున్న ఫెడ్-2 అయితే 1955లో వచ్చింది. దాని డిజైన్ చాలావరకు వాళ్ళ సొంతం.

అలాంటి వస్తువు మీద రంపం పెడతారా? చిరిగిన కర్టెన్ మార్చొచ్చు. స్పూల్ దొరుకుతుంది, నా దగ్గరే అదనంగా ఒకటుంది, ఊరికే పంపిస్తాను. స్క్రూలు పెద్ద విషయం కాదు. కోసినదాన్ని మాత్రం ఎవరూ అతకలేరు. నేను పాతికేళ్ళుగా ఇవే పోగేస్తున్నాను. మంచి కెమెరాల్ని లైటు స్టాండ్లుగా, గోడ గడియారాలుగా మార్చేసినవి ఎన్ని చూశానో! చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో మాట. ఫెడ్-2 వెనక మూత మొత్తం ఊడి వచ్చేస్తుంది. లెన్స్‌ని మరతో బిగించే పాత లైకాల్లా అడుగు నుంచి రీలు దూర్చే బాధ లేదు. మూత తీసి, లెన్స్ తిప్పి తీసేస్తే కర్టెన్లు రెండువైపుల నుంచీ కనబడతాయి. పిల్లలకి అది చూపిస్తే చాలదా?

గుణుపురం కుర్రాడు
ఆదివారం, రాత్రి 11:02

సార్, ఒక డౌట్. నేను పెళ్ళిళ్ళకి డీఎస్‌ఎల్‌ఆర్ పట్టుకుని అసిస్టెంట్‌గా వెళ్తుంటాను. ఈ ఫెడ్, జోర్కీలని రేంజ్‌ఫైండర్ కెమెరాలంటారు కదా, అసలు రేంజ్‌ఫైండర్ అంటే ఏంటి? లెన్స్‌లోంచి చూడకుండా ఫోకస్ ఎలా తెలుస్తుంది?

కొండగాలి (సునాబెడ)
సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, నీ ప్రశ్నే ఈ చర్చకి అసలు పట్టు. నేను ఇక్కడి ఇంజన్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను, కెమెరాలు సరదా.

ఒక వేలు ముఖం ముందు పెట్టి, కుడికన్ను మూసి ఒకసారి, ఎడమకన్ను మూసి ఒకసారి చూడు. వేలు అటూ ఇటూ గెంతుతుంది. దగ్గరగా ఉంటే ఎక్కువ గెంతుతుంది, చెయ్యి చాపితే తక్కువ. రేంజ్‌ఫైండర్ చేసే పని అదే. కెమెరా పైన ముందువైపు రెండు కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లోంచి నేరుగా చూస్తావు. రెండోదాంట్లోంచి వచ్చే బొమ్మ పక్కకి తిరిగి, సగం వెలుతురు వదిలే ఒక అద్దం మీద పడి, మొదటి బొమ్మ మీదే కూర్చుంటుంది. ఫోకస్ కుదరకపోతే, చూసే చోట మధ్యలో కనబడే చిన్న మచ్చలో మనిషికి రెండు ముక్కులు కనబడతాయి. లెన్స్ తిప్పుతూ ఉంటే ఆ రెండూ జరిగి జరిగి ఒకటవుతాయి. అక్కడ ఆపి నొక్కాలి.

లెన్స్‌కీ ఆ అద్దానికీ సంబంధం ఏంటంటావా? లెన్స్ తిప్పితే దాని వెనక అంచు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కెమెరా నోట్లో, అంటే లెన్స్ బిగించే కన్నంలో, పైన చిన్న చెయ్యి లాంటి మీట ఒకటి స్ప్రింగు బలంతో ఆ అంచుని ఎప్పుడూ ఆనుకుని ఉంటుంది. అంచు జరిగితే చెయ్యి కదులుతుంది, దాంతోపాటు పైనున్న గాజు రవ్వంత తిరుగుతుంది. అంతే. కరెంటు లేదు, బ్యాటరీ లేదు.

రవ్వంత అంటే ఎంతో లెక్క చూడు. ఫెడ్-2 కిటికీల మధ్య దూరం 67 మిల్లీమీటర్లు. మీటరు దూరంలో ఉన్న మనిషిని చూసినప్పుడు ఆ రెండు చూపుల మధ్య కోణం 3.8 డిగ్రీలు. పది మీటర్లకి వెళ్తే 0.38 డిగ్రీలు. అంత సన్న తేడాని పట్టుకోవాలంటే కిటికీలు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. పాత లైకా-2కి అది సుమారు 39 మిల్లీమీటర్లే. 1936లో వచ్చిన కాంటాక్స్-2 అనే ఇంకో జర్మన్ కెమెరాకి 90. యుద్ధనౌకల మీద ఫిరంగి గురికి వాడినవీ ఇవే, కాకపోతే జపాన్ వాళ్ళ యమాటో మీదున్నది 15 మీటర్ల పొడవు. అది చేసిన నిప్పాన్ కొగాకు కంపెనీయే తర్వాత నికాన్ అయింది.

ఇక కొయ్యడం గురించి. రాయగడ తమ్ముడి బాధ అర్థమైంది. కానీ వెనక మూత తీస్తే కనబడేది కర్టెన్ ఒక్కటే. ఇప్పుడు నేను చెప్పిన చెయ్యి, గాజు, సగం అద్దం, ఇవేవీ కనబడవు. అన్నీ పై కప్పు కింద దాక్కుని ఉంటాయి. లైకా కంపెనీ వాళ్ళు డీలర్లకీ, రిపేరు నేర్చుకునేవాళ్ళకీ, ఎగ్జిబిషన్లకీ కోసిన మోడళ్ళు చేయించారంటే కారణం అదే. 1925లో అమ్మకానికి వచ్చిన మొదటి లైకాకి రేంజ్‌ఫైండర్ లోపల లేదు, విడిగా పైన తగిలించుకోవాలి. 1932లో లైకా-2తో లెన్స్‌కీ దానికీ ముడి పడింది. ఆ ముడిని నోటితో చెప్పి నమ్మించడం కష్టం, చూపిస్తే ఒక్క నిమిషం.

మాస్టారూ, మీరు కొయ్యండి. అయితే ఫెడ్‌నే. పనిచేసే జోర్కీ జోలికి వెళ్ళకండి.

పాత రీళ్ళు (రాయగడ)
సోమవారం, ఉదయం 8:50

పెద్దాయన గారూ, మీ మాట కాదనను. కానీ ఐటీఐల్లో, కాలేజీల్లో కోసిన మోడళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. దుమ్ము కొట్టుకుని, ఏ భాగమూ కదలకుండా, అద్దాల బీరువాలో తాళం వేసి. అలా అవడానికేనా ఆ కెమెరాని బలిచ్చేది? కోసినా అందులో ఏదో ఒకటి పనిచెయ్యాలి. చెయ్యకపోతే బొమ్మ గీసి చూపించినా ఒకటే.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
సోమవారం, రాత్రి 9:15

అన్నగారూ, మీరు అన్న ఆ మాట పట్టుకుని రోజంతా ఆలోచించాను. నాకూ కదిలేదే కావాలి. పిల్లాడు లెన్స్ తిప్పాలి, వాడి కళ్ళముందే చెయ్యి కదలాలి, మచ్చలో రెండు బొమ్మలూ ఒకటవ్వాలి. నాన్నగారు మాకు కెమెరా నేర్పినప్పుడు అనేవారు, "రెండు బొమ్మలూ ఒకటయ్యేదాకా ఊపిరి బిగబట్టు, అప్పుడు నొక్కు" అని. ఊపిరి ఎందుకు బిగబట్టాలో పదేళ్ళప్పుడు తెలియలేదు.

కొండగాలి (సునాబెడ)
మంగళవారం, ఉదయం 6:30

అయితే వినండి. మా ట్రైనింగ్‌లో కోసిన ఇంజన్ల దగ్గరే సగం చదువు. అక్కడ నేర్చుకున్నది చెప్తాను.

రంపం పట్టే ముందు మొత్తం విప్పెయ్యాలి. షట్టర్ దిమ్మ, రేంజ్‌ఫైండర్, గాజులు అన్నీ తీసి డబ్బాల్లో పెట్టి, ఒట్టి డొల్లనే కొయ్యాలి. ఇత్తడి రజను ఒక్క పళ్ళచక్రంలో పడ్డా అది ఇక తిన్నగా తిరగదు. విప్పేటప్పుడు అడుగడుక్కీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్క్రూలు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలో ఒక అట్ట మీద గుచ్చండి.

ఏది ఏదాన్ని మోస్తోందో చూసుకోండి. ఇరుసు కూర్చునే చోటు, స్ప్రింగు తగిలించిన చోటు కొయ్యకూడదు. మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యం, లెన్స్ వెనక అంచు పైభాగం. చెయ్యి ఆనేది అక్కడే. లెన్స్‌ని పైనుంచి కోశారంటే చెయ్యికి ఆనడానికి ఏమీ ఉండదు, రేంజ్‌ఫైండర్ అక్కడితో సరి. పక్క నుంచి కొయ్యండి, అదీ ముందు గొట్టం వరకే. వెనకున్న మరలకి రంపం తగలనివ్వకండి. మర సగానికి పైగా చుట్టూ పట్టుకుంటేనే నిలుస్తుంది, సగం కోస్తే ఊడి చేతిలోకి వస్తుంది.

కోసిన అంచులకి ఎర్ర రంగు వెయ్యండి. అందం కోసం అనుకుంటారు చాలామంది. "ఈ అంచు అసలు వస్తువులో లేదు, మేము కోస్తే వచ్చింది" అని చూసేవాడికి చెప్పడానికి ఆ ఎరుపు. పిల్లలకి ముందే చెప్పండి, లేకపోతే కెమెరాకి పక్కన ఎప్పుడూ కన్నం ఉంటుందనుకుంటారు.

కొమ్ముపని (పర్లాకిమిడి)
మంగళవారం, రాత్రి 8:05

మాస్టారూ, మీ స్టూడియో నాకు తెలుసు. మా పెళ్ళి ఫొటోలు మీ నాన్నగారే తీశారు. మాది కొమ్ము బొమ్మల పని, మూడు తరాలుగా ఇదే. మీరు విప్పి తెస్తే కోసే పని నేను చూసుకుంటాను. కూలీ మాట ఎత్తకండి.

పై కప్పు ఇత్తడి రేకు. మా పెద్ద రంపానికి అది ఆగదు, కంసాలి రంపం కావాలి. దారమంత సన్న బ్లేడు, మైనం రాసుకుంటూ లాగాలి. ఊరికే పట్టుకుని కోస్తే రేకు నొక్కుకుపోతుంది. కప్పు లోపలికి సరిగ్గా దిగేలా చెక్క దిమ్మ ఒకటి చెక్కుతాను, దాని మీద తొడిగి కోస్తే కొట్టుకోదు. కింద బాడీ అల్యూమినియం పోత కదా, అది ఆకురాయి పళ్ళలో ఇరుక్కుంటుంది. ఆకురాయికి సుద్దముక్క రాస్తే ఇరుక్కోదు. గీత మాత్రం మీరే గీసి తేవాలి, ఎక్కడ కొయ్యకూడదో అక్కడ ఇంటూ గుర్తు పెట్టండి.

గాజు నావల్ల కాదు.

పట్టంచు (బరంపురం)
మంగళవారం, రాత్రి 9:50

గాజు సంగతి నేను చెప్తాను. మాకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. మా అత్తగారి వైపు పట్టు నేత.

ఫెడ్-2కి ఇండస్టార్-26ఎం లెన్స్ ఉంటే అందులో నాలుగు గాజులు. 1902లో జర్మనీ జైస్ కంపెనీ తెచ్చిన టెస్సార్ లెన్స్ లెక్కే. ముందు రెండు విడివిడిగా, వెనక రెండూ అతికించి ఉంటాయి. గాజుల్ని గొట్టంతో పాటు కొయ్యాలని చూడకండి, పగిలిపోతాయి. నాలుగూ తీసి పంపండి. మా దగ్గర కళ్ళజోడు అద్దాల అంచులు అరగదీసే డైమండ్ చక్రం ఉంది, నీళ్ళు పారుతూ తిరుగుతుంది. ఒక్కోదాన్నీ ఒక పక్క నుంచి అరగదీసి, అష్టమి చంద్రుడిలా సగం చేసి ఇస్తాను. అతికిన జంటని మాత్రం ఎవరూ వేడి చెయ్యకండి, కొమ్ముపని అన్నయ్య గారు లక్క పెట్టి పట్టుకుందామనుకుంటారేమో. వేడికి లోపలి జిగురు వదిలేసి గాజులు విడిపోతాయి. ఆ జిగురు ఒక రకం చెట్టు బంక లాంటిది, పాత లెన్సుల్లో చాలావాటికి అదే.

పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇంట్లో ఎవరూ సొంతంగా ప్రయత్నించకండి.

కర్టెన్ చిరిగిందన్నారు కదా. అసలుది రబ్బరు పూసిన గుడ్డ, లోపలికి వెలుతురు రాకుండా. మీ మోడల్‌లో ఫిలిం వెయ్యరు, కాబట్టి రబ్బరు అక్కర్లేదు. పల్చటి పట్టు పంపిస్తాను. మొదటి కర్టెన్ ఎర్రది, రెండోది నీలంది వేసుకోండి. రెండూ నల్లగా ఉంటే ఏది ముందు పరిగెడుతోందో, ఏది వెనక తరుముతోందో పిల్లలకి తెలియదు.

గుణుపురం కుర్రాడు
మంగళవారం, రాత్రి 10:20

అక్కా, రెండు కర్టెన్లు ఎందుకు? ఒకటి తెరిచి మూస్తే చాలదా?

పట్టంచు (బరంపురం)
మంగళవారం, రాత్రి 10:41

ఒకటే అయితే మొదట తెరుచుకున్న చోట వెలుతురు ఎక్కువసేపు పడుతుంది, చివరి చోట తక్కువ. రెండైతే మొదటిది తెరుస్తూ పోతుంది, రెండోది దాని వెనకే మూస్తూ పోతుంది. మధ్యలో సందు. సందు వెడల్పు ఎంతుంటే అంత వెలుతురు. ఇలాంటి కెమెరాల్లో కర్టెన్ 36 మిల్లీమీటర్ల ఫ్రేము దాటడానికి సుమారు సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. అంటే 1/500 పెట్టినప్పుడు ఆ సందు దాదాపు 2 మిల్లీమీటర్లే. నీ డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫ్లాష్ పెట్టి స్పీడు ఎక్కువ చేస్తే ఫొటోలో సగం నల్లగా వస్తుందే, అది ఈ సందు వల్లే.

గుణుపురం కుర్రాడు
మంగళవారం, రాత్రి 10:44

ఓహ్! మా ఓనర్ ఎప్పుడూ "200 దాటించకు" అంటాడు గానీ ఎందుకో చెప్పడు. థాంక్స్ అక్కా.

పాత రీళ్ళు (రాయగడ)
బుధవారం, ఉదయం 7:30

సరే. ఇంతమంది చెయ్యి వేస్తున్నారు కాబట్టి ఇక వద్దనను. రెండు కోరికలు మాత్రం. కోసే ముందు నాలుగువైపులా ఫొటోలు తీసి, పైన చెక్కిన సీరియల్ నంబరు రాసి పెట్టండి. ఎప్పుడు కోశారో ఎందుకు కోశారో ఒక కాగితం మీద రాసి మోడల్ కిందే అంటించండి. ముందు ముందు ఎవరి చేతికైనా వెళ్తే ఇది ఫ్యాక్టరీ వాళ్ళు కోసిందని అమ్మేస్తారు. ఫెడ్‌లూ జోర్కీల మీద లైకా అని చెక్కి అమ్మే మోసం ఇప్పటికే బాగా ఉంది. అలాంటిది ఎదురైతే లెన్స్ తీసి ఆ చెయ్యి కొన చూడండి. లైకాకి గుండ్రటి చిన్న చక్రం ఉంటుంది. పాత ఫెడ్‌లకి, జోర్కీలకి చక్రం ఉండదు, నున్నటి లోహపు ముక్కే ఉంటుంది.

స్పూల్ ఈరోజే పోస్టు చేస్తున్నాను.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 11:10

ఆలస్యానికి మన్నించండి. చాలా జరిగింది.

విప్పడానికి మూడు రాత్రులు పట్టింది. కప్పు తీసినప్పుడు లోపల, సగం అద్దం పక్కన, కాగితం ముక్క చిన్నది మడిచి దూర్చి ఉంది. గాజు అదరకుండా ఎవరో ఆపు పెట్టారు. మా స్టూడియో బిల్లు పుస్తకం కాగితం అది, ఊదా గీతలు గుర్తుపట్టాను. నాన్నగారు దీన్ని ఒకసారి తనే విప్పి ఉంటారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చూపిస్తే చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత "కొయ్యి, ఆయనే సగం విప్పి పెట్టారుగా" అంది.

కొమ్ముపని అన్నగారి వాకిట్లో ఆదివారం పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నం రెండున్నరకి అయింది. చెక్క దిమ్మ మీద కప్పు తొడిగి, కాళ్ళ మధ్య పట్టుకుని, ఆ సన్న రంపంతో నేను గీసిన గీత మీద కాక దాని లోపలి వైపు వెంట్రుక వాసి వదిలి కోశారు. "గీత మీద కోస్తే ఆకురాయికి ఏమీ మిగలదు" అన్నారు. నాలుగు బ్లేడ్లు తెగాయి. కప్పుకి పైన రెండు కిటికీలు, బాడీకి పక్కన ఒకటి, లెన్స్ గొట్టానికి ఒకటి. అంచుల్ని కొమ్ము బొమ్మలకి చేసినట్టే నున్నగా చేసి ఇచ్చారు, పిల్లల వేళ్ళు తెగవు.

గాజులు బరంపురం నుంచి దూదిలో చుట్టి వచ్చాయి. అక్కగారూ, మీకు చేతులెత్తి దండం. అతికిన జంట అలాగే ఉంది, గీత కూడా పడలేదు.

అన్నీ బిగించాక పెద్ద దెబ్బ తగిలింది. మచ్చలో రెండు బొమ్మలూ ఎంత తిప్పినా కలవలేదు. ఒకటి పైన, ఒకటి కింద. పక్కకి కూడా తేడా. రెండు రోజులు అన్నం సయించలేదు. ఎక్కడో వంచేశాననే అనుకున్నాను.

కొండగాలి (సునాబెడ)
ఆదివారం, ఉదయం 6:05

వంగలేదు మాస్టారూ. విప్పిన రేంజ్‌ఫైండర్ ఏదీ బిగించగానే కుదరదు, కంగారు పడకండి. లెన్స్‌ని అనంతం గుర్తు దగ్గర ఆపి, కిలోమీటరు పైన దూరంలో ఉన్నదేదైనా చూడండి. సెల్ టవర్ మంచిది, నిలువు గీతలుంటాయి. అడ్డం తేడా ముందు సరిచెయ్యండి, తర్వాత నిలువు. ఒకటి సరిచేస్తే రెండోది కాస్త చెడుతుంది, మళ్ళీ మొదటిది. ఓపికే మందు. అనంతం కుదిరాక టేపుతో కొలిచి సరిగ్గా ఒక మీటరు దూరంలో ఏదైనా పెట్టి చూడండి. అక్కడా కలిస్తే మధ్యలో అన్నీ కలుస్తాయి.

మీ నాన్నగారు పెట్టిన కాగితం తీసేశారా? దాన్ని మళ్ళీ అక్కడే పెట్టండి. ఊరికే పెట్టి ఉండరు.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
ఆదివారం, రాత్రి 8:30

తీసేశాను బాబాయ్ గారూ. తప్పు అదే. కాగితం మళ్ళీ పెట్టగానే నిలువు తేడా ముప్పాతిక మాయమైంది. మేడ మీద నుంచి టవర్ చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. కలిశాయి. మీటరు దగ్గర కూడా కలిశాయి.

పాత రీళ్ళు (రాయగడ)
ఆదివారం, రాత్రి 8:52

ఫొటో పెట్టండి మాస్టారూ. చెయ్యి కదలడం వీడియో తీసి పెడితే ఇంకా సంతోషం.

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
తర్వాతి శనివారం, సాయంత్రం 5:20

వీడియో పెట్టాను, చూడండి. ఇవాళ క్లాసులో ఏం జరిగిందో రాయకుండా ఉండలేకపోతున్నాను.

కర్టెన్ స్ప్రింగుల టెన్షన్ బాగా తగ్గించాను. ఎర్ర పట్టు మెల్లగా జారుతుంది, దాని వెనకే నీలం. మధ్య సందు కంటికి ఆనుతుంది. స్పీడు మార్చి మార్చి మళ్ళీ మళ్ళీ నొక్కించుకున్నారు. లెన్స్ తిప్పితే చెయ్యి కదలడం, పైన గాజు తిరగడం ఒకళ్ళు కిటికీలోంచి చూస్తుంటే ఇంకొకళ్ళు వెనక నుంచి బొమ్మలు కలిసే క్షణం "ఇప్పుడు!" అని అరవడం. ఆట అయిపోయింది.

ఆ తర్వాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అడిగింది. "మాస్టారూ, గాజు సగమే ఉంది కదా. ఇప్పుడు ఫొటో తీస్తే సగం బొమ్మే వస్తుందా?" సగం వస్తుందని ఇరవై చేతులు లేచాయి. పదో తరగతి పుస్తకంలో ఉన్న ప్రశ్నే ఇది, లెన్స్ సగానికి నల్ల కాగితం అంటిస్తే పూర్తి బొమ్మ వస్తుందా అని. నేనే ఏటా బోర్డు మీద కిరణాలు గీసి జవాబు చెప్తాను, వాళ్ళు రాసుకుంటారు. ఎంతమంది నమ్ముతారో ఇవాళ తెలిసింది.

వెనక మూత తీసి, ఫిలిం ఉండే చోట ట్రేసింగ్ పేపర్ అంటించాను. స్పీడు బీలో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని షట్టర్ తెరిచి ఉంచాను. గొట్టానికి కోసిన కన్నం మీద నల్ల గుడ్డ చుట్టాం. తలుపులు మూసి కెమెరాని కిటికీ వైపు తిప్పాం. కాగితం మీద కిటికీ మొత్తం వచ్చింది. తలకిందులుగా, నాలుగు ఊచలూ, బయట వేపచెట్టు, చెట్టుకి కట్టిన సైకిలుతో సహా. కాస్త మసగ్గా ఉంది గానీ ఎక్కడా సగం కాదు. ఒక్కొక్కళ్ళే వచ్చి గుడ్డలో తల దూర్చి చూశారు. ఆ అమ్మాయి రెండోసారి వరసలో నిలబడింది. "లెన్స్‌లో ప్రతి ముక్కా మొత్తం చెట్టుని చూస్తోందన్నమాట" అంది. ఆ వాక్యం నేను ఎప్పుడూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చూడలేదు.

పాత రీళ్ళు (రాయగడ)
శనివారం, సాయంత్రం 6:10

వీడియో నాలుగుసార్లు చూశాను. నేనైతే ఇప్పటికీ కొయ్యను, నా చేతులు రావు. కానీ ఇది అద్దాల బీరువాలోకి వెళ్ళదని అర్థమైంది. నా దగ్గర లెన్స్ బూజు పట్టిన పాత కీవ్ కెమెరా ఒకటుంది, కాంటాక్స్‌కి తోబుట్టువు లాంటిది. దాని షట్టర్ గుడ్డ కాదు, ఇత్తడి పలకలు షాపు షట్టర్‌లా పైనుంచి కిందకి దిగుతాయి. పలకల్ని లాగే పట్టు నాడా తెగిపోయింది. కొయ్యకుండా, మూత తీసి మీ పిల్లలకి చూపించడానికి ఒకసారి తెస్తాను. రాయగడ నుంచి గుణుపురం మీదుగా బస్సులో వస్తే సగం రోజు పని.

గుణుపురం కుర్రాడు
శనివారం, సాయంత్రం 6:31

అన్నా, వచ్చేటప్పుడు చెప్పండి. నేను కూడా ఎక్కుతాను.

పట్టంచు (బరంపురం)
శనివారం, రాత్రి 9:05

మాస్టారూ, చాలా సంతోషం. వీడియోలో నీలం పట్టు అంచు పీచులేస్తున్నట్టుంది. కత్తిరించి ఊరికే వదిలేశారా?

తనయ ఒడ్డు (పర్లాకిమిడి)
శనివారం, రాత్రి 9:18

అవునక్కా, వదిలేశాను. ఇవాళ ఎన్నిసార్లు నొక్కారో లెక్కలేదు. ఒక దారం ఊడి రోలర్‌కి చుట్టుకుంది. అంచుకి సన్నగా జిగురు రాయనా, లేక మడిచి కుట్టించనా? మడిస్తే మందం పెరిగి రోలర్ మీద సరిగ్గా చుట్టుకోదేమో. సోమవారం తొమ్మిది బీ సెక్షన్‌కి చూపిస్తానని మాటిచ్చాను.

పట్టంచు (బరంపురం)
శనివారం, రాత్రి 9:26

మడవద్దు. ఆ దారాన్ని లాగకుండా కత్తెరతో తెంపి, అంచుకి పల్చటి గంజి ఒక్క పూత రాసి రాత్రంతా ఆరనివ్వండి. సోమవారానికి అది ఆగుతుంది. ఈలోగా మగ్గం మీదే అంచు నేసిన ముక్క, కత్తెర తగలనిది, జానెడు పంపిస్తాను.